వేమనకు రెండు మార్కుల కోత

సంక్రాంతికి మా అపార్ట్‌మెంట్లలో పద్యపఠన పోటీ పెట్టారు. తెలుగు ఇంకా బతికే ఉందా అని ఏడాదికొకసారి నాడి పట్టుకుని చూడటం మావాళ్ళకు ఆనవాయితీ. మా ఇంట్లో తెలుగు పుస్తకాల అలమర ఉన్న నేరానికి నన్ను న్యాయనిర్ణేతను చేసి, చేతిలో మార్కుల కాగితం పెట్టారు. వేషానికి పది, హావభావాలకు పది, ధైర్యానికి ఐదు, ఉచ్చారణకు ఐదు. పద్యం అర్థమైందా అన్నదానికి గడి లేదు. పసివాళ్ళ మీద అంత బరువు మోపకూడదన్న ఆ దయకు నమస్కారం.

పద్యాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని బట్టీపట్టినా అభ్యంతరం లేదన్నారు. తండ్రులు ఫోన్లు ఎత్తిపట్టుకున్నారు, తల్లులు కింద కూర్చుని పెదవులు కదుపుతున్నారు. పద్నాలుగు మంది పిల్లలు ఒకరి వెనక ఒకరు వచ్చి, చివర ‘విశ్వదాభిరామ వినురవేమ’ అని తుమ్మినట్టు తుమ్మి, దండం పెట్టి దిగిపోయారు. ఆ పద్యాల ఛందస్సు ఆటవెలది, పేరులోనే ఆట ఉంది. మావాళ్ళు దాన్ని జెండావందనానికి నిలబెట్టినట్టు నిలబెట్టారు.

పదిహేనోవాడు రెండో తరగతి. దూది గడ్డం, పట్టుపంచె, జరీ కండువా. గోచిపాతకు కూడా మోజుపడని యోగిగా జనం చెప్పుకునే వేమనకు జరీ అంచు కట్టించిన ఘనత మా సాంస్కృతిక సంఘానిదే.

‘ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు, చూడ చూడ రుచుల జాడ వేరు’ దాకా వచ్చి వాడు ఆగాడు. మరిచిపోయాడనుకుని తల్లి అందించబోయింది. వాడు అటు చూడకుండా నా వైపు తిరిగాడు.

“తాతగారూ, కప్పురం అంటే కర్పూరమేనా?”

అవునన్నాను.

“మరి దాని రుచి వేరని వేమనకు ఎలా తెలిసింది? నాకి చూశాడా?”

హాలు నిశ్శబ్దమైపోయింది. సంఘం కార్యదర్శి మైకు అందుకుని, “బాబూ, ఇది పద్యాల పోటీ, ప్రశ్నల పోటీ కాదు” అన్నారు. గంట కొట్టే ఆయన గంట కొట్టేశారు. తండ్రి వీడియో ఆపేశాడు, అమెరికాలోని మేనత్తకు పంపదగిన ఘట్టం కాదు కనుక. నా పక్కన కూర్చున్న తోటి న్యాయనిర్ణేత, కుర్రవాడికి ధైర్యం మరీ ఎక్కువైందంటూ, ధైర్యం గడిలోనే రెండు మార్కులు కోశారు.

సి.పి. బ్రౌన్ దొర ఈస్టిండియా కంపెనీలో ఉద్యోగం చేసుకుంటూ వేమన పద్యాలు పోగుచేయించి 1829లో అచ్చువేయించాడు. మాట మాటకూ అర్థం వెతుక్కుంటూ పోయి 1852లో ఏకంగా నిఘంటువే తెచ్చాడు. ఆయన మా పోటీకి వచ్చి ఉంటే మొదటి గంటకే కిందికి దింపేసేవాళ్ళం. చందమామలో నెలనెలా విక్రమార్కుడి భుజమెక్కిన భేతాళుడికి కూడా మా దగ్గర బహుమతి రాదు. కథ చెప్పి నీతి అప్పజెప్పకుండా ప్రశ్న వేస్తాడాయె! పైగా తెలిసీ జవాబు చెప్పకపోతే తల పగిలిపోతుందంటాడు. శవంలో దూరినవాడికి ఉన్నపాటి ఇంగితం కుర్చీల్లో కూర్చున్న మాకు లేకపోయింది.

ఇంతవరకూ నవ్వుకున్నాను. ఐదో తరగతి పాప ఒకతె ‘శిలను ప్రతిమ చేసి చీకటిలో బెట్టి మ్రొక్కవలదు వెర్రి మూఢులార’ నేర్చుకుని వచ్చింది. వాళ్ళ తాతయ్య నేర్పాడట. కార్యదర్శి ఆమెను పక్కకు పిలిచి, “అది వద్దమ్మా, ఎవరైనా నొచ్చుకుంటారు. ‘అనగ ననగ రాగ’ చెప్పు” అన్నారు. పాప అదే చెప్పింది, పాఠం అప్పజెప్పే గొంతుతో.

ఎవరయ్యా నొచ్చుకునేది? నొప్పి పుట్టాలనే కదా ఆయన ఆ పద్యం చెప్పాడు! రాళ్ళకు మొక్కడాన్నీ, కులాన్నీ, అంటునూ నిలబెట్టి కడిగిన మనిషిని పట్టుకొచ్చి, పెద్దల మాట వినమని చెప్పే బడిపంతులును చేశారు. సగం వేమనను పాతిపెట్టారు, మిగిలిన సగానికి పట్టుపంచె కట్టారు. ఆపైన పిల్లలకు తెలుగు మీద ఇష్టం లేదని మైకులో ఏడుస్తారా? ఎందుకు ఉండాలి ఇష్టం? ఏం మిగిల్చారని ఉండాలి?

ఇదంతా అక్కడే అనలేదు. ఆ పాపకు ముప్పైకి ఇరవై ఎనిమిది వేసి ఊరుకున్నాను. తరవాత శాలువా కప్పారు, కప్పించుకున్నాను కూడా.

మర్నాడు సాయంత్రం దూది గడ్డం వాడు బంతి కోసం మా వాకిట్లోకి వచ్చాడు. లోపలికి పిలిచాను. చక్కెర పొంగలిలోకి తెచ్చిన పచ్చకర్పూరం కొంచెం మిగిలి ఉంది (హారతి కర్పూరం కాదు, తల్లులు కంగారుపడవద్దు). ఒక పళ్ళెంలో ఆవగింజంత అదీ, పక్కన ఇంత ఉప్పూ పెట్టాను. వాడు వంగి చాలాసేపు చూశాడు. ఉప్పు నాకాడు. కర్పూరం నాకాడు. ముఖమంతా చిట్లించి, నాలుక బయటపెట్టి, నీళ్ళ గ్లాసు కోసం చెయ్యి చాపుతూ అన్నాడు.

“నాకే ఉంటాడు తాతగారూ!”