రాగిజావలో తేనె: నేను రాసింది సవరించుకుంటున్నాను

మా పాపకి టైఫాయిడ్ తగ్గాక కావలిలో మా అమ్మ ఏమేం వండిపెట్టిందో పోయిన వారం రాశాను. అందులో "రాగిజావలో ఒక చెంచా తేనె కలపండి, పసిబిడ్డలకైనా మంచిదే" అన్నాను. అది తప్పు. ఏడాది నిండని బిడ్డకి తేనె చుక్క కూడా నాకించకూడదు. తేనెలో బొటులిజం అనే, కండరాలు చచ్చుబడేలా చేసే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు. పెద్దవాళ్ల పేగులు వాటిని అణచేస్తాయి, పసిపేగుల్లో అవి పెరిగి విషం తయారుచేస్తాయి. వేడి జావలో కలిపినా ఆ బీజాలు చావవు. ఎనిమిది నెలల బాబుకి పెట్టొచ్చా అని ఒక తల్లి అడిగినప్పుడు నా గుండె జారిపోయింది. పెట్టొద్దమ్మా. మా పాపకి ఆరేళ్లు, ఆ సంగతి రాయకుండా వదిలేయడం నా పొరపాటే.

ఇంకొకటి. రాగులతో రక్తం పడుతుందని రాశాను. రాగుల అసలు బలం కాల్షియం, 100 గ్రాముల్లో సుమారు 340 మిల్లీగ్రాములు. ఇనుము కొంతే. రక్తం తక్కువుంటే పప్పు, ఆకుకూర వండి పైన నిమ్మకాయ పిండండి, ఇనుము బాగా ఒంటబడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ మాత్రం వద్దు.

జావ కాచే పద్ధతిలో మార్పు లేదు. పిండిని ముందు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరిగే నీళ్లలో సన్నగా పోస్తూ, పచ్చివాసన పోయి గరిటెకి అంటుకునేదాకా తిప్పండి. పాత పోస్టులో ఆ తేనె మాట తీసేశాను.