నలభై అడుగుల ధర్మసంకటం

హైదరాబాద్‌లో మా కాలనీ మొదట్లో ఓ ఎకరం ఖాళీ స్థలం ఉంది. ఇన్నేళ్లుగా అందులో తుమ్మచెట్లు, పగిలిన సీసాలు, ఒక పందుల కుటుంబం కాపురముంటున్నాయి. మొన్నటిదాకా దాన్ని 'పందుల జాగా' అనేవాళ్లం. అక్కడ ఏడంతస్తుల అపార్ట్‌మెంట్ లేస్తుందని తెలిసిన రోజు నుంచి 'పచ్చదనం' అంటున్నాం.

సంక్షేమ సంఘం అత్యవసరంగా సమావేశమైంది. చందా లెక్కలు చెప్పే రోజు నలుగురు కూడా రారు. ఈసారి కుర్చీలు చాలక వినాయక మండపం పిల్లల దగ్గర అడిగి తెచ్చుకున్నాం. నీళ్లు చాలవు, డ్రైనేజీ పొంగుతుంది, ట్రాఫిక్ పెరుగుతుంది అని మూడు అభ్యంతరాలు వెంటనే తేలాయి. 2020 అక్టోబరు వానలకు ఆ జాగాలో ఒక్క ఇటుక లేకపోయినా మా వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలిచిన సంగతి ఎవరో ఎత్తబోతే కూర్చోబెట్టాం. అసలు బాధ రెండో వీధి పిన్నిగారు చెప్పారు: ఏడో అంతస్తు వాళ్లు ఆవిడ మేడ మీద ఆరబెట్టిన వడియాలు లెక్కపెడతారట. ఇది మాత్రం న్యాయమైన అభ్యంతరమని నా అభిప్రాయం.

"ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి పడతారు" అన్నారు మా అధ్యక్షుడుగారు. నిజమే, మేమంతా ఇక్కడి మూలవాసులం కదా. ఆయన నల్లగొండ నుంచి 1994లో వచ్చారు, కార్యదర్శిగారు గుంటూరు నుంచి 1999లో, నేను 2003లో. 2017 నవంబరులో నాగోలు నుంచి మియాపూర్‌కు మెట్రో మొదలైనప్పుడు స్వీట్లు పంచింది కూడా మేమే. గజం రేటు పెరగాలని కోరుకున్నాం గానీ జనం పెరగాలని కోరుకున్నామా?

అమెరికాలో మా అబ్బాయి ఉండే ఊళ్లో ఇలాంటివి సిటీ కౌన్సిల్ ముందుకు వస్తాయట. పొరుగువాళ్లు ఒక్కొక్కరు మైకు పట్టుకుని మూడేసి నిమిషాలు మాట్లాడతారట. మూడు నిమిషాలు మా అధ్యక్షుడుగారి నమస్కారాలకే చాలవు. ఇక్కడ ప్లాన్లు ఆన్‌లైన్‌లో పోతాయి. మాకు మిగిలింది అధికారులు జనం ఫిర్యాదులు తీసుకునే సోమవారం ప్రజావాణి, ఒక అర్జీ.

అర్జీలో పస ఉండాలంటే రూలు కావాలన్నారు రిటైర్డ్ ఇంజనీరుగారు. హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ (స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న లెక్క) పరిమితిని 2006లోనే ఎత్తేశారు. 2012 నాటి జీవో 168 ప్రకారం ఎంత ఎత్తు లేపొచ్చన్నది ముందున్న రోడ్డు వెడల్పును, స్థలాన్ని బట్టి ఉంటుంది. పెద్ద బిల్డింగులకైతే కనీసం 40 అడుగుల రోడ్డు ఉండాలి. "మన రోడ్డు 40 లేదు, కొలిచి చూపిద్దాం!" అన్నారాయన. చప్పట్లు కొట్టాం. అప్పటికప్పుడు టేపు పట్టుకుని బయటికొచ్చాం.

మా గేటు ముందు కొలిస్తే 27 అడుగులొచ్చింది. ఇంకోసారి చప్పట్లు కొట్టాం. లేఅవుట్ కాగితంలో మాత్రం 40 అని స్పష్టంగా ఉంది. మరి 13 అడుగులు ఎటు పోయాయని అడగబోయి, ఎవరి కాళ్లకింద వాళ్లు చూసుకున్నాం. నేను నా కారు ర్యాంపు మీద నిలబడి ఉన్నాను. అధ్యక్షుడుగారు ఎదురుగా ఆయన మెట్ల మీద ఉన్నారు. ఇంజనీరుగారు టేపు కొస పట్టుకున్నది తన కరివేపాకు మడి గట్టు దగ్గర. ఆ మడి చుట్టూ గ్రిల్లు, గ్రిల్లుకు తాళం.

27 అని రాస్తే బిల్డింగు ఆగుతుంది. కానీ కొలవడానికి వచ్చే అధికారి ముందు మా ర్యాంపుల దగ్గరే ఆగుతాడు, తలెత్తితే మా పెంట్‌హౌస్‌లు కూడా కనిపిస్తాయి. వాటి కోసం 2015లో బీఆర్ఎస్ కింద పెట్టుకున్న దరఖాస్తుల రసీదులు మా బీరువాల్లో భద్రంగా ఉన్నాయి (పార్టీ కాదండీ, భవనాల క్రమబద్ధీకరణ పథకం). పోనీ 40 అని రాద్దామంటే బిల్డరు ఫైలుకు మేమే సాక్షి సంతకం పెట్టినట్టు.

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి కార్యదర్శిగారు టేపు చుట్టి జేబులో వేసుకున్నారు.

"రోడ్డు సంగతి వదిలేద్దాం సార్. పందుల గురించి రాద్దాం. నోరులేని జీవాలు, ఎటు పోతాయి పాపం?"

ఏకగ్రీవంగా ఆమోదించాం.