తలుపు తీస్తేనే మేక లేస్తుంది

రొమేనియా వచ్చిన మొదటి చలికాలం, డిసెంబర్ 31 సాయంత్రం, కొలీగ్ వాళ్ళ అత్తగారి ఊళ్ళో ఉన్నాం, బకౌ జిల్లాలో చిన్న పల్లెటూరు. ఎవరో తలుపు దబదబా బాదారు, తీస్తే ఎదురుగా మేక తల. చెక్కతో చేసింది, కింది దవడకి తాడు కట్టి లోపల్నుంచి లాగుతుంటే టకటకా కొట్టుకుంటోంది, కొమ్ముల నిండా రంగు కాగితాలు, పూసలు, అద్దం ముక్కలు, వెనకాల గొర్రెతోలు తిరగేసి తొడుక్కున్న ముసలాడు, ఆడవేషం కట్టిన మగాడు, డోలు, పిల్లంగోవి. మా ఆవిడ ఒక్క కేక పెట్టి నా వెనక దాక్కుంది. ఇంటి పెద్దావిడ మాత్రం వాళ్ళ మొహాలు చూడట్లేదు, వంగి బూట్లు చూస్తోంది, బూట్లని బట్టి ఎవరబ్బాయో పట్టేస్తుందంట! ఒకడ్ని పేరుపెట్టి పిలిచింది, వాడు గొంతు మార్చి కాదన్నాడు, ఆవిడ నమ్మలేదు.

ఆ మేకని ఇక్కడ కాప్రా అంటారు. ఆడుతూ ఆడుతూ ఉన్నట్టుండి చచ్చిపడిపోతుంది, ముసలాడు గుండెలు బాదుకుని ఏడుస్తాడు, చెవిలో ఏదో ఊదుతాడు, అది లేచి మళ్ళీ గంతులేస్తుంది. పాత ఏడు పోయి కొత్త ఏడు వచ్చిందన్నమాట, ఇంతకంటే పెద్ద ఫిలాసఫీ నాకెవరూ చెప్పలేదు. అయ్యాక ఇంటివాళ్ళు డబ్బులు, కొజొనాక్ ముక్క (మన బన్నుకి పెద్దన్నయ్య), ఒక గుక్క త్సుయికా (ప్లమ్ పళ్ళ సారా) ఇవ్వాలి. వేషాన్ని వట్టి చేతుల్తో పంపిస్తే ఏడాదంతా కలిసిరాదని పెద్దావిడ గట్టిగా నమ్ముతుంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, తర్వాతి ఏడు ఇదే మేకని మా యాష్ లో స్టేజి మీద చూశా (ఊరి పేరు యాషే, కన్నడ హీరోతో సంబంధం లేదు). లైట్లు, మైకు, యాంకరమ్మ, ఒక్కో జట్టుకి కొద్ది నిమిషాలు, నెక్స్ట్ నెక్స్ట్. అదే చెక్కతల, అదే ఆట, మేక చచ్చింది, లేచింది, మేమంతా ఫోన్లు పైకెత్తి వీడియో తీసుకున్నాం, ఎవడూ ఎవడి బూట్లూ చూడలేదు. బోర్ కొట్టింది, నిజం చెప్తున్నా. నా అభిప్రాయం ఒక్కటే అండీ, మాస్కు చూడ్డానికి పెట్టేది కాదు, గుమ్మంలోకి రావడానికి పెట్టేది. ఎదురుగా తలుపు తీసేవాడు, భయపడేవాడు, 'నువ్వు ఫలానా వాళ్ళ అబ్బాయివి కదరా' అనేవాడు లేకపోతే అది చెక్క, తోలు, అంతే.

ఇదేం నా సొంత కవిత్వం కాదు. 1716 ప్రాంతంలో, ఈ ప్రాంతాన్ని, అంటే మోల్దావియాని, ఒకప్పుడు ఏలిన రాజు దిమిత్రీ కాంతెమీర్ తన దేశం గురించి లాటిన్ లో రాస్తూ, పెద్ద కొమ్ముల తల పెట్టుకుని, పాదాల దాకా రంగుగుడ్డలు వేలాడేసుకుని, వీధులూ ఇళ్ళూ తిరిగే వేషం సంగతి చెప్పాడు. ఇళ్ళు! 2013లో యునెస్కో తన లిస్టులో రొమేనియా, మోల్దోవా రెండిటి పేరు మీదా పెట్టింది కూడా మగపిల్లల జట్లు క్రిస్మస్ కి ఇల్లిల్లూ తిరిగి పాడే ఆచారాన్నే.

మరి స్టేజి ఎక్కడ్నుంచి వచ్చిందంటే, కొంత కమ్యూనిస్టుల టైంలోనే. 1976 నుంచి 'కంతారియా రొమునియెయ్' అని దేశమంతా పోటీలు పెట్టి జానపదం మొత్తాన్ని వేదికెక్కించారు, అదే ప్రభుత్వం క్రిస్మస్ తాతని పక్కకి నెట్టి మోష్ జెరీలా అని మంచు తాతని తెచ్చింది, పండక్కి పేరు తీసేసి వేషం మాత్రం ఉంచుకున్నారన్నమాట. 1989లో ఆ ప్రభుత్వం పోయింది, స్టేజి పోలేదు.

అయితే నా వాదనకి నేనే అడ్డం చెప్పుకోవాలి. బకౌ జిల్లాలోనే కొమనేష్త్ అని ఊరు, డిసెంబర్ 30న అక్కడ ఎలుగుబంటి వేషాల జాతర, జట్లు జట్లుగా వస్తారు. నిజం ఎలుగు తోళ్ళు, తల పళ్ళూ గోళ్ళూ అన్నీ అలాగే ఉంటాయి, ఎర్ర కుచ్చులు కడతారు, బరువు 40 కిలోలు దాకా ఉంటుందంట, అది మోస్తూ మంచులో డప్పుకి అడుగేస్తుంటే కింద నేల అదురుతుంది. (తోళ్ళ విషయంలో నాకు కొంచెం ఇబ్బందే, తరతరాలుగా ఇంట్లో దాచుకున్నవే అంటారు, సరే.) ఊళ్ళో కుర్రాళ్ళు సగం మంది ఇటలీలో స్పెయిన్ లో పనిచేస్తారు, ఆ ఒక్కరోజు కోసం లీవు పెట్టి వచ్చేవాళ్ళని చూశా. ఆ పరేడ్ లేకపోతే వచ్చేవాళ్ళు కాదేమో. కానీ పరేడ్ ఒక్కటే కాదు, జట్లు ఇళ్ళకీ వెళ్తాయి, అందుకే అది బతికుంది అని నా గట్టి నమ్మకం.

ఎలుగు అంటే మనకి ఇంకో చుట్టరికం ఉంది. ఇక్కడ ఎలుగుల్ని ఆడించుకుని బతికిన వాళ్ళు రోమా (జిప్సీ) వాళ్ళలో ఉర్సారి అని ఒక తెగ, రోమాల పూర్వీకులు మన దేశం ఉత్తరాది నుంచి వెళ్ళినవాళ్ళు, ఇప్పటికీ వాళ్ళ భాషలో నీళ్ళని పానీ, ముక్కుని నఖ్ అంటారు. 1855-56 దాకా ఈ నేల మీద వాళ్ళు బానిసలు, ఆ మాట ఎందుకో పండగ పాంప్లెట్లలో కనపడదు. నడుం నొప్పి ఉన్నవాళ్ళని బోర్లా పడుకోబెట్టి వీపు మీద ఎలుగుచేత తొక్కించేవాళ్ళంట. అది వినగానే మా అమ్మమ్మ గుర్తొచ్చింది, దడుపు జ్వరం వచ్చిందని నన్ను ఎలుగొడ్డు మీద కూర్చోబెట్టి, దాని వెంట్రుక తాయెత్తులో పెట్టి కట్టించింది. తొక్కడం ఎక్కడం తేడా తప్ప వ్యాపారం ఒకటే.

ఇప్పుడు ఇక్కడి మన తెలుగు సంఘం సంగతి. కమిటీ వాళ్ళు ఏమీ అనుకోవద్దు, పోయిన సంక్రాంతి ప్రోగ్రాంలో గంగిరెద్దుకి నాలుగు నిమిషాలిచ్చారు, ఫ్యాషన్ షోకీ అంత్యాక్షరికీ మధ్యలో. ఇద్దరు కుర్రాళ్ళు పాపం దుప్పటి కింద ఎద్దు వేషం బాగా వేశారు, 'అయ్యగారికి దండం పెట్టు' అన్నారు, ఏ అయ్యగారికి? హాల్లో 200 మంది కూర్చుని ఉంటే ఎవరూ బియ్యం తేలేదు, దండం పెట్టించుకున్నవాడూ లేడు, వెనక వరసలో పులిహోర ప్యాకెట్లు పంచుతున్నారు.

హాలు బుకింగ్ మానేయమనట్లేదు, అడ్వాన్స్ కట్టేశారు కదా. భోగి సాయంత్రం మాత్రం నాకివ్వండి. ఇక్కడికి పైన, సరిహద్దు అవతల ఉక్రెయిన్ వైపు బుకోవినాలో రొమేనియన్ పల్లెలు పాత క్యాలెండర్ ప్రకారం కొత్త ఏడు ముందు రాత్రి, అంటే జనవరి 13 రాత్రే మలాంకా అని వేషాలు కడతాయి, మనకీ భోగి అటూ ఇటూగా అదే రోజు. మా అపార్ట్‌మెంట్ల చుట్టుపక్కల మనోళ్ళవి ఒక పన్నెండు ఇళ్ళుంటాయి, ఎద్దుని అక్కడ తిప్పుదాం, ముందే టైం చెప్పకుండా. పక్క ఫ్లాటు రొమేనియన్లు తలుపు తీస్తే ఇంకా మంచిది, వాళ్ళకి ఏం చెయ్యాలో మనకన్నా బాగా తెలుసు. ఎద్దు వెనక కాళ్ళు నేను. ముందు కాళ్ళకి ఒకళ్ళు కావాలి, బూట్లు మాత్రం ఎవరివైనా అడిగి తొడుక్కుని రండి.