నెలసరికి లెక్క రాయాలి

కర్ణాటక మంత్రివర్గం 2025 అక్టోబరులో నెలకు ఒక రోజు చొప్పున, ఏడాదికి 12 రోజుల జీతంతో కూడిన నెలసరి సెలవుకు ఆమోదముద్ర వేసింది. బెంగళూరులోని పీణ్యా, బొమ్మసంద్ర ఫ్యాక్టరీల్లో కుట్టుమిషన్ల ముందు కూర్చునే అనంతపురం, చిత్తూరు ఆడపడుచులకూ, బెళ్లందూరు పీజీల్లో ఉండి ఐటీ కొలువులు చేసే అమ్మాయిలకూ ఇది ఎప్పుడో దక్కాల్సిన ఊరట. మేం మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాం. అయితే సెలవు విశ్రాంతినిస్తుందే గానీ పోయిన రక్తాన్ని తిరిగివ్వదు. అసలు ఎంత పోతోందని మన ఇళ్లలో ఎవరూ అడగరు. డేట్ ఎప్పుడొచ్చిందని అడిగే డాక్టర్లు కూడా ఎన్ని ప్యాడ్లు, ఎంత తడిశాయని అడగడం అరుదు.

ఒక నెలసరిలో పోయే రక్తం సగటున 30 నుంచి 40 మిల్లీలీటర్లు, అంటే రెండు మూడు టేబుల్ స్పూన్లు. కంటికి అంతకన్నా చాలా ఎక్కువ కనిపిస్తుంది. బయటికొచ్చేదాంట్లో దాదాపు సగమే రక్తం, మిగిలింది గర్భాశయం లోపలి పొర, జిగురు ద్రవాలు. 80 మిల్లీలీటర్లు దాటితే దాన్ని అధిక రక్తస్రావం కింద లెక్కేస్తారు. గడ్డల సంగతీ తెలుసుకోవాలి. రక్తాన్ని పలచగా ఉంచే ఎంజైములు గర్భాశయంలోనే ఉంటాయి. ధార వేగం పెరిగితే అవి చాలక గడ్డలు పడతాయి. 'చెడు రక్తం పోతోంది, మంచిదేలే' అని పెద్దవాళ్లు అనే మాటకు ఆధారం లేదు. పోయేది మన నరాల్లో పారే రక్తమే.

ఇంట్లోనే కొలిచే పద్ధతి 1990 నుంచీ ఉంది. బ్రిటన్ వైద్యులు తయారుచేసిన ఆ చార్టులో ప్యాడ్ మీద మరక మాత్రమే ఉంటే 1, సగం తడిస్తే 5, పూర్తిగా నిండితే 20 మార్కులు. చిన్న గడ్డకు 1, పెద్ద గడ్డకు 5. మొత్తం 100కు చేరితే 80 మిల్లీలీటర్ల గీత దాటినట్టే. ఉదాహరణకు మొదటి రోజు సగం తడిసినవి రెండు, నిండింది ఒకటి అనుకుందాం: 30. రెండో రోజు నిండినవి మూడు, సగం తడిసింది ఒకటి, పెద్ద గడ్డ ఒకటి: 70. అక్కడికే వంద. మూడో రోజు సగం తడిసినవి మూడైతే 115, నాలుగో రోజు రెండు మరకలతో 117. ఈమెను అడిగితే 'నాలుగు రోజులే, మామూలే' అంటుంది. ఒక్క జాగ్రత్త చెప్పాలి: ఇప్పటి జెల్ ఉన్న పెద్ద ప్యాడ్లు అప్పటివాటికన్నా ఎక్కువ పట్టుకుంటాయి కాబట్టి వాటితో వచ్చే మార్కులు అసలుకన్నా తక్కువే చూపవచ్చు. ప్యాడ్‌కు బదులు నెలసరి కప్పు వాడేవారికి ఈ చిక్కు లేదు. లోపలున్న గీతలు చూసి పారబోసిన ప్రతిసారీ రాసుకుంటే చాలు.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఇనుము. హిమోగ్లోబిన్ 12 ఉన్న స్త్రీకి ఒక మిల్లీలీటరు రక్తం పోతే సుమారు 0.4 మిల్లీగ్రాముల ఇనుము పోతుంది. 80 మిల్లీలీటర్లకు 32 మిల్లీగ్రాములు. తిండి నుంచి ఒంటికి పట్టేది మామూలుగా రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములే, ఇతరత్రా రోజూ పోయేదే ఒక మిల్లీగ్రాము. ఇక మిగిలేదేముంది? ముందు ఒంట్లో నిల్వ ఉన్న ఇనుము కరుగుతుంది, హిమోగ్లోబిన్ ఆఖరున పడుతుంది. అందుకే హిమోగ్లోబిన్ 12 చూపించినా ఆయాసం, జుట్టు రాలడం ఉంటే ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ పరీక్ష కూడా అడగాలి. అది 15 కంటే తక్కువైతే నిల్వ ఖాళీ అయినట్టు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల మహిళల్లో 57 శాతం రక్తహీనులని తేలింది. పచ్చిబియ్యం బొక్కితే పెళ్లిలో వాన పడుతుందని మనవాళ్లు ఆడపిల్లల్ని కసురుతుంటారు. బియ్యం, సుద్ద, మట్టి, ఐసు ముక్కల మీద యావ పుట్టడం ఇనుము లోపానికి పాతకాలం నుంచీ తెలిసిన లక్షణం. కసరడం మాని రక్తపరీక్ష చేయించాలి.

ఇనుము మాత్రను కాఫీతోనో పాలతోనో వేసుకుంటే సగం వృథా. ముందూ వెనకా గంటైనా ఎడం ఉండాలి, నిమ్మరసంతో అయితే మేలు. కాల్షియం మాత్ర వేరే పూట వేసుకోవాలి. మలం నల్లబడితే భయపడక్కర్లేదు. హిమోగ్లోబిన్ పెరిగిందని అక్కడితో ఆపేస్తే నిల్వ నిండదు, ఆ తర్వాత కూడా మూడు నెలలు వాడాలి.

రోజుల విషయంలోనూ అపోహలున్నాయి. 28 రోజులు రాకపోతే జబ్బేనని కంగారు పడేవారెందరో. పెద్దవారికి 24 నుంచి 38 రోజుల మధ్య ఎంతైనా మామూలే. కొత్తగా పెద్దమనిషైన పిల్లలకు మొదటి రెండు మూడేళ్లు 21 నుంచి 45 రోజుల దాకా అటూ ఇటూ అవుతుంది. అండం విడుదలయ్యాక నెలసరి వచ్చేదాకా గడిచేది ఇంచుమించు రెండు వారాలు, మారేది దానికి ముందు కాలమే. 35 రోజుల చక్రం ఉన్నామె 14వ రోజు లెక్క పెట్టుకుంటే తప్పుతుంది, ఆమెకు అండం విడుదలయ్యేది 21వ రోజు ప్రాంతంలో.

నెలసరి నొప్పికి మూలం ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు. గర్భాశయాన్ని మెలిపెట్టేవీ, ఆ రోజుల్లో విరేచనాలు తెప్పించేవీ అవే. మెఫెనమిక్ యాసిడ్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు వాటి తయారీని ఆపుతాయి కాబట్టి నొప్పి ముదిరాక కాకుండా మొదలవుతుండగానే, తిన్న తర్వాత వేసుకోవాలి. ఇవి రక్తస్రావాన్నీ కొంత తగ్గిస్తాయన్నది చాలామందికి తెలియదు. అల్సర్, కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఇవి పనికిరావు. బెంగళూరులో వానాకాలం జ్వరం వచ్చిందంటే డెంగీ కాదని తేలేవరకు ముట్టుకోకూడదు. మెఫెనమిక్ యాసిడ్ వేసుకున్నాక దద్దుర్లు, జ్వరం వస్తే ఆపి డాక్టరును చూడాలని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ 2023లో హెచ్చరించింది.

మొదటి నెలసరి నుంచే విపరీతంగా పోతుంటే 'కొత్తలో అంతేలే' అని ఊరుకోవడం ప్రమాదం. ఫిన్లాండ్ వైద్యుడు వాన్ విల్లెబ్రాండ్ 1926లో వర్ణించిన రక్తం గడ్డకట్టని వ్యాధికి తొలి సాక్ష్యం ఓ చిన్నారి. ఆమె 13 ఏళ్లకు, నాలుగో నెలసరిలో రక్తం ఆగక చనిపోయింది. చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి తరచూ రక్తం కారే అలవాటున్న పిల్లకు నెలసరీ ఎక్కువైతే ఈ వ్యాధి ఉందేమో పరీక్ష చేయించడం తప్పనిసరి.

లెక్క లేనిచోట కత్తి ముందుకొస్తుంది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న 15–49 ఏళ్ల మహిళలు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో సగానికి పైగా చెప్పిన కారణం అధిక రక్తస్రావం లేదా నొప్పి. వీరిలో ఎందరికి థైరాయిడ్ చూశారు, ఎందరికి రక్తస్రావం తగ్గించే ట్రానెక్సమిక్ యాసిడ్ మాత్రలో, గర్భాశయంలో అమర్చే హార్మోన్ లూపో ఇచ్చి చూశారు? 'పిల్లలు పుట్టేశారు కదా, ఇక దాంతో పనేముంది' అనే మాట మమ్మల్ని కలవరపెడుతుంది. అండాశయాలు ఉంచినా గర్భసంచి పోయాక మెనోపాజ్ ముందుగా ముంచుకొచ్చే అవకాశం పెరుగుతుంది. అనవసర ఆపరేషన్ల కట్టడికి కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఆపరేషన్ మాట వినిపించగానే రెండో డాక్టరు అభిప్రాయం అడగడం రోగి హక్కు. 45 దాటినవారికి రక్తస్రావం తీరు మారితే, మెనోపాజ్ తర్వాత ఒక్క చుక్క కనిపించినా, గర్భాశయ పొర పరీక్ష వాయిదా వేయకూడదు.

ఈఎస్ఐ కార్డున్న కుట్టుపని అమ్మలకు రాజాజీనగర్, పీణ్యా ఈఎస్ఐ ఆసుపత్రులున్నాయి, కార్డు లేనివారికి వాణివిలాస్ ప్రభుత్వాసుపత్రి, వార్డులోని సర్కారు నమ్మ క్లినిక్ ఉన్నాయి. వెళ్లేటప్పుడు మూడు నెలల తేదీలు, మార్కులు, గడ్డలు, వేసుకున్న మాత్రలు ఒక కాగితం మీద రాసుకెళితే డాక్టరు పని సగమవుతుంది. కార్మిక శాఖకు మేం కోరేది రెండు: ఫ్యాక్టరీల ఆరోగ్య శిబిరాల్లో హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ కూడా చూడాలి. ప్యాడ్ మార్చుకోవడానికి వెళ్లిన నిమిషాలను టార్గెట్‌లోంచి కోయకూడదని సెలవు ఉత్తర్వులకు తోడుగా రాతపూర్వకంగా చెప్పాలి.