ముందు మీసం, వెనక ఎర్రదీపం

కడప ఏడురోడ్ల దగ్గర రోడ్డు దాటడానికి నిలబడిన మనిషికి దేవుడు, ధర్మం, ఓటుహక్కు ఏవీ గుర్తుకు రావు. వాని బుర్రలో ఒకటే ప్రశ్న తిరుగుతుంటుంది. ఆ వచ్చేవాడు బ్రేకు తొక్కినాడా, తొక్కలేదా?

ఈ సంగతి కచ్చితంగా తెలిసేది ఇద్దరికే. ఒకడు తొక్కినవాడు. ఇంకొకడు వాని వెనక వచ్చేవాడు, ఎందుకంటే వాని కళ్ళెదుటే ఎర్రదీపం వెలుగుతుంది. తెలియనిది మూడోవానికి. ఆ బండి ఎవరి మీదికి వస్తాందో, సరిగ్గా వానికి.

బండి ముందు వైపు బ్రేకు దీపం లేకపోవడం ఏదో మరిచిపోయి వదిలేసిన పని అని కొందరు అమాయకులు అనుకుంటారు. కాదు, చాలా ఆలోచించి చేసిన ఏర్పాటు. 1989 నాటి రోడ్డు నియమాల్లో చేతి సైగల పాఠం ఒకటుండేది. బండి నెమ్మది చేయబోయే డ్రైవరు కుడిచెయ్యి బయటికి చాపి, అరచెయ్యి కిందికి ఉండేట్టు పెట్టి, పైకీ కిందికీ నాలుగైదుసార్లు ఊపాలి. ఎవరికి కనపడేట్టు? వెనక వచ్చే బండి డ్రైవరుకు కనపడేట్టు. నియమంలోనే ఆ మాట రాసి పెట్టినారు. ముందర నడిచిపోయేవాడు ఒకడుంటాడని రాసినవాళ్ళకు తోచలేదు, లేదా తోచినా, వానికి బండి లేదు కదా, వానితో మనకేం పని అనుకొని ఉంటారు. 2017లో ఆ నియమాల స్థానంలో కొత్తవి వచ్చినాయి. ఏడురోడ్ల దాకా ఇంకా రాలేదు.

ఈ ఏర్పాటు వెనక పెద్ద సంస్కారం ఉందని నా నమ్మకం. మన సీమలో ఎదుట నిలబడిన మనిషిని చూసి తగ్గడం చిన్న సంగతి కాదు. కాలినడకన పోయే బక్కప్రాణిని చూసి నాలుగు చక్రాలవాడు తగ్గినాడని తెలిస్తే వాని పరువేం కావాల? అందుకే తగ్గాల్సి వచ్చినా గుట్టుగా తగ్గాలి. ముందు మీసం, వెనక ఎర్రదీపం. ఎదుటివానికి మీసమే కనపడాలి. తగ్గిన సంగతి వెనక వచ్చే సాటి బండి ఆసామికి తెలిస్తే చాలు, లేకుంటే వాడొచ్చి డిక్కీకి గుద్దుతాడు. డిక్కీ సొట్ట పడితే డబ్బులవుతాయి. ముందర మనిషికి సొట్ట పడితే అది విధి.

దీపం లేదు కాబట్టి మనం శకునశాస్త్రం నేర్చుకున్నాం. కారు మూతి చూడాలి. గట్టిగా బ్రేకు పడితే బరువు ముందుకు తూలి మూతి కాస్త కిందికి వంగుతుంది. బైకుకైతే ముందరి షాక్ అబ్జార్బర్లు కుంగుతాయి. ఈ వంగడం కుంగడం కనిపెట్టగలిగినవాడు ఏడురోడ్లలో ముసలివాడవుతాడు. కనిపెట్టలేనివాడు కాలేడు. అయితే ఆలోచించుకోడానికి టైము కూడా చూసుకోవాలి. గంటకు 40 కిలోమీటర్ల మీద వచ్చే బండి ఒక్క సెకనులో 11 మీటర్లు వచ్చేస్తుంది. మీరు వంగిందా, వంగలేదా అని కళ్ళు చిట్లించే లోపల మూతి మీ పక్కకే వచ్చి ఉంటుంది, ఇంక కళ్ళు చిట్లించే పని లేదు.

డ్రైవరు కళ్ళలోకి చూసి దాటమని బడిపిల్లలకు చెప్తారు. మంచి మాటే. మే నెల మధ్యాహ్నం కడప ఎండలో కారు అద్దంలోకి చూస్తే ఆకాశం కనపడుతుంది, కరెంటు తీగలు కనపడతాయి, డ్రైవరు తప్ప అన్నీ కనపడతాయి. నల్ల ఫిల్ములు వద్దని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది. చెప్పిన సంగతి ఫిల్ములకు తెలిసినట్టు లేదు. ఇంక బైకులు. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బైకులకు పట్టపగలు కూడా ముందు దీపం దానంతటదే వెలగాలని రూలు వచ్చింది. దానివల్ల బైకు వస్తాందని దూరం నుంచే తెలుస్తుంది. ఆగుతుందా అనేది మాత్రం అది మన దగ్గరికి వచ్చినాకే తెలుస్తుంది.

లారీ సంగతి వేరే చెప్పాలి. ఎర్రగుంట్ల దిక్కు నుంచి వచ్చే సిమెంటు లారీ దగ్గరకొచ్చి 'ఉస్స్' మనగానే, ఆహా, గాలి బ్రేకు పడింది, పాపం పెద్దమనిషి ఆగుతున్నాడని మనవాళ్ళు ధైర్యంగా అడుగేస్తారు. అయ్యా, నడిచే బండిలో ఆ ఉస్సు బ్రేకు తొక్కినప్పుడు రాదు. తొక్కిన కాలు తీసినప్పుడు గొట్టాల్లోని గాలి బయటికి పోయే చప్పుడది. అంటే లారీ అంటున్నది 'ఆగినాను, దాటు' అని కాదు, 'అయిపోయింది, వస్తాన్నా' అని. ముందరవానికి ఏదో ఒకటి చెప్పే బండి మన రోడ్డు మీద ఇదొక్కటే, అదీ తిరగేసి చెప్తుంది.

హారన్ ఉంది కదా అంటారేమో. హారన్ అంటే బ్రేకు వెయ్యబోనని ముందుగా ఇచ్చే నోటీసు. నోటీసు అందినట్టు మనం సంతకం కూడా పెట్టక్కర లేదు.

పరదేశాల్లోనూ వెనకవాని మీదే మమకారం. వానికి రెండు ఎర్రదీపాలు చాలలేదు. జాన్ వోవోడ్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త శాన్‌ఫ్రాన్సిస్కో టాక్సీల వెనక అద్దం కింద మూడో దీపం పెట్టి చూసి, వెనక గుద్దుళ్ళు సగానికి పైగా తగ్గినాయని 1974లో ప్రకటించినాడు. 1986 మోడలు నుంచి అమెరికాలో ప్రతి కారుకూ అది తప్పనిసరి అయింది. తీరా అందరి కళ్ళూ అలవాటు పడినాక సర్కారు లెక్క తీస్తే తగ్గింది 4.3 శాతమే. అయినా ఆ దీపాన్ని ఎవరూ పీకలేదు. 4.3 శాతం డిక్కీలైనా డిక్కీలే కదా. బండి ముందు వైపు పెట్టే బ్రేకు దీపాన్ని మిషిగన్ విశ్వవిద్యాలయంలో 1971లోనే పరీక్షించి చూసినారు. అంటే మూడో వెనక దీపం కంటే ముందే. వెనకది కార్లకెక్కింది, ముందుది కాగితాల్లోనే ఉండిపోయింది.

ఈమధ్య ఆస్ట్రియాలో గ్రాజ్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్ళు ఆ కాగితాల దుమ్ము దులిపినారు. నిజంగా జరిగిన 200 ప్రమాదాలు తీసుకొని, బండ్లకు ముందు వైపు కూడా బ్రేకు దీపం ఉండి ఉంటే ఏమయ్యేదని కంప్యూటరులో మళ్ళీ నడిపించి చూసినారు. 17 శాతం దాకా జరిగేవే కావని తేలింది. దీపం రంగు ఆకుపచ్చ. ముందు వైపు ఎర్ర వెలుగు చూపకూడదు, మన నియమాల్లోనూ అంతే, చీకట్లో బండి వస్తాందో పోతాందో తెలియాలి కదా. ఇందులో నాకు నచ్చింది దీపం వెలగడం కాదు, ఆరడం. పక్కన నిలబడి ఉన్న కారు ముందు దీపం ఉన్నట్టుండి ఆరిపోయిందంటే డ్రైవరు బ్రేకు మీద కాలు తీసినాడని, కదలబోతున్నాడని అర్థం. తెలివైన పని. ఆ లెక్కలో ఒక్క ఊహ మాత్రం ఉంది, కాగితం మీద పెట్టే అవసరం కూడా లేదనుకున్న ఊహ. డ్రైవరు బ్రేకు వేస్తాడని.

సరే, ఆ పచ్చదీపం రేపు కడపకు వచ్చిందనుకుందాం.

మొదటి వారంలోనే డెకరేషన్ షాపుల ముందు బైకులు బారులు తీరతాయి. "అన్నా, ఎప్పుడూ వెలిగేట్టు పెట్టు. బ్రేకు తొక్కితే వెలిగేది ఎవునికైనా ఉంటది." రెండో వారానికి అది పచ్చగా ఉండదు. నీలం, గులాబీ, ఊదా రంగులు ఒకదాని వెంట ఒకటి పరిగెత్తుతుంటాయి. పెద్ద మనుషుల వెంట తిరిగే తెల్ల కార్ల వరుసలో దీపం అసలు ఉండదు, ఎందుకంటే అవసరం పడదు. పాత బండ్లవాళ్ళు ఎఫ్‌సీ (బండి ఫిట్‌నెస్ పరీక్ష) రోజు పొద్దున పెట్టించుకొని సాయంత్రానికి పీకించుకుంటారు, ఎవరైనా అడిగితే రోడ్డు గుంతలకు ఊడిపోయిందంటారు, ఆ మాట నమ్మేట్టుగానే ఉంటుంది కూడా.

ఆటోకు మాత్రం కంపెనీ పెట్టిన దీపం ఉన్నదున్నట్టు ఉంటుంది, నిజాయితీగా వెలుగుతుంది. ఏడురోడ్లలో ఆకుకూరల గంప నెత్తిన పెట్టుకొని ఒక అవ్వ నిలబడి ఉంటుంది. వస్తున్న ఆటో మూతికి పచ్చదీపం వెలిగింది. ఆహా, శాస్త్రం గెలిచింది! అవ్వ అడుగేసింది. ఆటో సరిగ్గా అవ్వ ముందరికొచ్చి నిలబడింది.

"రా అవ్వా, ఎక్కు. బస్టాండా, దేవుని కడపా?"

"నాకొద్దు నాయనా. నేను ఆ పక్కకు పోతాండా."

"ఆ పక్కకే దించుతా. పది రూపాయలియ్యి."

అవ్వ గంప సర్దుకుంది. రోడ్డును చూసింది, ఆటోను చూసింది. "ఐదు ఇస్తా."

"ఐదుకు గ్యాస్ కూడా రాదవ్వా. గంపకు సపరేటు అడగడంల్యా, సంతోషించు."

ఇంతలో పక్కనున్న స్కూలు పిల్లోడు "అన్నా, నేనూ ఆ పక్కకే" అన్నాడు. చేతిలో టీ గ్లాసున్న ఇంకొకాయన "ఒక్కనికెంత?" అన్నాడు. మాటల్లోనే కడప నగర చరిత్రలో మొదటి రోడ్డు దాటించే షేర్ ఆటో సర్వీసు మొదలైంది. ముందర డ్రైవరుకు అటూ ఇటూ ఇద్దరు, వెనక నలుగురు, గంప పైన. అందరూ ఎక్కినాక ఆటో నేరుగా అటు పోవడానికి లేదు, నడుమ డివైడరుంది. కోటిరెడ్డి సర్కిల్ దాకా పోయి తిరుక్కొని రావాల. పోనీలే, ప్రాణాలతో పోతున్నారు. దారిలో ఇంకో మనిషి చెయ్యెత్తితే అక్కడ కూడా పచ్చదీపం వెలుగుతుంది, దాన్ని చూసి ఇంకో అవ్వ అడుగేస్తుంది.

మన ఊర్లో బ్రేకు పడేది రోడ్డు దాటే మనిషి కోసం కాదు, ఎక్కే మనిషి కోసం. ఇంకా స్పీడు బ్రేకరు కోసం, ఆవు కోసం, మోగే ఫోను కోసం, తలుపు తెరిచి ఉమ్మడం కోసం. మనిషి దాటుతున్నాడని బ్రేకు పడటం నేను చూడలేదని అనను. చూసినాను. దాటేవాడు వాని బామ్మర్ది.

అసలు సంగతి ఆ ఆటో వెనక ఉంది. ఆటో నిలబడగానే వెనక ఎర్రదీపం వెలిగింది కదా, దాని వెనక బుల్లెట్టు మీద వచ్చే పిల్లోడు ఆ దీపాన్ని శుభ్రంగా చదివినాడు. 'వీడు ఆగినాడు, నువ్వు పక్కనుంచి పో.' పోయినాడు. ఆటో చాటున అవ్వ ఉందని వానికి కనపడదు. వాడు దూసుకొస్తున్నాడని అవ్వకు కనపడదు. ఒకడు ఆగినందుకే రెండోవాడు చంపుతాడు. ఏ ఆసుపత్రి ముందరైనా, ఏ బడి ముందరైనా ఒక పూట నిలబడండి. బస్సు ఆగుతుంది, బస్సు ముందు నుంచి పిల్లలు దాటుతారు, బస్సు పక్కనుంచి బైకు వస్తుంది. వెనకవానికి అంత జాగ్రత్తగా అందించిన వార్త వాడు ఆగడానికి పనికిరాలేదు, సందు వెతుక్కోడానికి పనికొచ్చింది.

నా అవ్వ బతికింది. రాసేది నేను కాబట్టి బతికించుకున్నాను. బయట అది నా చేతుల్లో లేదు. 2022లో ఈ దేశంలో బండ్ల కింద పడి చచ్చిపోయిన పాదచారులు 32,825 మంది. కేంద్ర రవాణా శాఖ లెక్క ఇది. మందులచీటీ పట్టుకొని ఆసుపత్రి గేటులోనుంచి ఎదుటి షాపుకు పోయినవాళ్ళు, ఎదురింటికి పాలకు పోయినవాళ్ళు, బస్సు దిగి ఇంకో బస్సుకు పోతున్నవాళ్ళు. వీళ్ళలో ప్రతి మనిషి గురించీ చచ్చినాక పక్కన చేరిన జనం ఒకే వాక్యం చెప్తారు. "చూసుకోకుండా దాటినాడు." సిగ్గు లేదా మనకు? ఏం చూసుకోవాల వాడు? చూడటానికి వానికి మీరు ఏం పెట్టినారు? దీపమా, గీతా, సైగా? జీబ్రా గీతలు వేసిన రెండో వానకే తుడిచిపెట్టుకు పోతే మళ్ళీ వేసే దిక్కులేదు. సీటులో కూర్చొని, అద్దం వెనక, బెల్టు పెట్టుకొని, కాలి కింద బ్రేకు పెట్టుకొని వచ్చేవాడు చూసుకోడంట. చెప్పులేసుకొని నిలబడినవాడు చూసుకోవాలంట! చచ్చినవాని తప్పు వెతకడానికి పట్టే టైములో సగం చాలదా, ఆ పెడలు మీద కాలు పెట్టడానికి?

ఈ పచ్చదీపం సంగతి మా వీధి మలుపులో ఆటో పెట్టుకొనే ఒకాయనకు వివరంగా చెప్పినాను. గ్రాజ్ లెక్క కూడా చెప్పినాను. ఆయన ఓపికగా విని, కాసేపు హ్యాండిలు తుడిచినాడు.

"బాగానే ఉంది గానీ అన్నా, అది ఉంటే మాకు కష్టం."

"ఏం కష్టం? బ్రేకు తొక్కితే అదే వెలుగుతుంది."

"అదే కదా. ఇప్పుడైతే ఏమన్నా జరిగితే 'బ్రేకు తొక్కినా సార్, పడలేదు' అంటాం. అప్పుడు వెలగలేదని నలుగురు చెప్తారు."