మిరపకాయకి ఆధార్ ఉందా?

ఎవరు లోకల్, ఎవరు నాన్ లోకల్ అన్న గొడవ ఈ మధ్య ఎక్కడ చూసినా నడుస్తూనే ఉంది కాబట్టి, దేశం మేలు కోరి ఈ తనిఖీని వంటింటి దాకా తీసుకెళ్లాలని ప్రతిపాదిస్తున్నాను. ఇల్లు అద్దెకిచ్చే ముందు ఊరూ పేరూ అడుగుతాం, సంబంధం అంటే మూడు తరాలు తవ్వుతాం, అలాంటిది రోజూ కంచంలోకి వచ్చి కూర్చునే మిరపకాయని నీదే ఊరు అని ఒక్కరమైనా అడిగామా? అడిగితే తెలిసేది. దానిది మెక్సికో వైపు. 1492లో కొలంబస్ మిరియాల కోసమని బయల్దేరి, దారి తప్పి, మిరియాలు దొరక్క, దొరికిన దాన్నే ఓడలో వేసుకుపోయాడు. 1498లో వాస్కో డ గామా కాలికట్‌లో దిగాడు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల్లో పోర్చుగీసువాళ్ల ఓడల్లో ఇది మన తీరానికొచ్చింది. పాస్‌పోర్టు లేదు, వీసా లేదు, పోలీస్ వెరిఫికేషన్ అసలే లేదు. అయిదొందల ఏళ్లుగా మనింట్లోనే ఉంటోంది, పైగా మనల్నే ఏడిపిస్తోంది.

ఈ మాట మా బాబాయి దగ్గర అంటే ఆయనకి ఎక్కడలేని కోపం వచ్చింది. "ఉప్పూ కారం తినే ఒళ్లురా మనది. ఆ కారమే లేకపోతే పౌరుషం ఎక్కణ్ణుంచి వస్తుంది?" అన్నాడు. "పల్నాటి యుద్ధం జరిగింది ఎప్పుడు బాబాయ్?" అని అడిగాను, అంతే, టీవీ సౌండ్ పెంచాడు. పన్నెండో శతాబ్దం కదా. నాగమ్మ, బ్రహ్మనాయుడు కోడిపందెం దగ్గర మొదలుపెట్టి కారంపూడిలో రక్తం పారే దాకా వెళ్లారు, ఆ ఊరి పేరులో తప్ప ఇంకెక్కడా కారం లేదు. బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనీ ఒక్క చాప మీద కూర్చోబెట్టి పెట్టిన చాపకూడులో మిరప్పొడి చిటికెడు కూడా పడలేదు. రుద్రమదేవి చేసిన యుద్ధాలన్నీ కారం మొహం చూడకుండా చేసినవే. 1323లో ఓరుగల్లు పడిపోయేనాటికి భూగోళం ఈ పక్కన మిరపచెట్టన్నదే లేదు. మరి వాళ్లందరికీ పౌరుషం ఎక్కడిదంటే, బహుశా మిరియాల నుంచి అయ్యుండాలి, కమిటీ వేసి తేల్చాలి.

నమ్మనివాళ్ల కోసం శ్రీనాథుణ్ణి పిలుస్తున్నాను. పద్నాలుగు, పదిహేను శతాబ్దాల మనిషి. పల్నాడు వెళ్లి అక్కడి తిండి తినలేక ఆయన పెట్టిన గోల చాటువుల రూపంలో మనకి మిగిలింది. జొన్నకలి, జొన్న అంబలి, జొన్నన్నం, జొన్నలు తప్ప ఇంకేం లేవు, సన్నన్నం సున్నా అని వరసపెట్టి దులిపేశాడు. అంత వివరంగా తిట్టినాయన, ఇవాళ మిరపతోటలకి పెట్టింది పేరైన ఆ సీమలో, నోరు మండిందని మాత్రం ఎక్కడా అనలేదు. మండి ఉంటే రాయకుండా ఊరుకునే మనిషా ఆయన!

ఇంతకన్నా గట్టి సాక్ష్యం కావాలంటే తద్దినం వంట చూడండి. చాలా ఇళ్లలో ఆ రోజు పొయ్యి దగ్గరికి మిరపకాయని రానివ్వరు. టమాటాకి, బంగాళాదుంపకి, క్యాబేజీకి కూడా ప్రవేశం లేదు. అరటికాయ, కంద, చామదుంప, కారానికి మిరియాలు, అంతే. ఎందుకండీ అంటే పితృదేవతలకి పనికిరావు అంటారు. పనికిరాకపోవడమేంటి, వాళ్లలో చాలామందికి అసలు పరిచయమే లేదు! పైకి పంపేది నిఖార్సైన దేశవాళీ, కింద మనం తినేది మెక్సికో సరుకు. భోక్తలు లేచి వెళ్లాక ఇంట్లోవాళ్ల పంక్తి మొదలవుతుంది. మిరియప్పొడి చల్లిన అరటికాయ కూర వడ్డిస్తారు. రెండో ముద్దకే మా బాబాయి మెడ నెమ్మదిగా వంటింటి వైపు తిరుగుతుంది, అక్కడ అటక కింద మూతికి గుడ్డ కట్టిన ఆవకాయ జాడీ ఉంది, పిన్ని నోరు మెదపకుండా కళ్లతోనే వద్దంటుంది. వేల ఏళ్ల సంప్రదాయానికీ ఆయనకీ మధ్య ఆ ఒక్క పూటే ఇబ్బంది.

సరే, చొరబాటు ఒక నేరం. రెండో నేరం ఇంకా పెద్దది, దీనికి సైన్సు సాక్ష్యం కూడా ఉంది. మిరపకాయ మండేదే మనల్ని తరిమేయడానికి. ఒక పచ్చిమిర్చిని నిలువునా చీల్చి చూడండి. లోపల గింజలు అతుక్కుని ఉండే తెల్లటి ఈనె లాంటిది కనిపిస్తుంది, క్యాప్సైసిన్ అనే ఆ మంట సరుకంతా తయారయ్యేది అక్కడే. పాపం గింజలకి అనవసరంగా చెడ్డపేరు, వాటి కారం ఆ ఈనెని రాసుకుని ఉండటం వల్ల అంటిందే. బజ్జీల కోసం గింజలు తీసేవాళ్లు చెంచాతో ఆ తెల్లదాన్ని కూడా గీకేస్తారు చూడండి, బజ్జీ చప్పబడేది అందుకే.

ఇక మన నోట్లో జరిగేది పచ్చి మోసం. నరాల చివర టీఆర్‌పీవీ1 అనే తలుపులాంటిది ఒకటుంది. వేడి సుమారు 43 డిగ్రీలు దాటితే అది తెరుచుకుని, కాలుతోందని మెదడుకి కబురు పంపుతుంది. క్యాప్సైసిన్ వెళ్లి ఏ వేడీ లేకుండానే ఆ తలుపు తీసేస్తుంది. నిప్పు లేదు, పొగ లేదు, మెదడు మాత్రం ఫైరింజన్ బయల్దేరదీస్తుంది. చెమటలు, కన్నీళ్లు, ముక్కు కారడం, అన్నీ తప్పుడు కంప్లైంటు మీద తీసుకున్న చర్యలే. దీన్ని 1997లో డేవిడ్ జూలియస్ బృందం పట్టుకుంది, 2021లో ఆయనకి నోబెల్ బహుమతిలో వాటా కూడా వచ్చింది. మన వైపు నుంచి ఆ పరిశోధనకి ఎన్ని తరాలుగా ఉచితంగా నాలుకలు అప్పజెప్పామో ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు, అది వేరే సంగతి. క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, అందుకే చెంబుడు నీళ్లు తాగినా మంట తగ్గదు, పాలు, పెరుగు అయితే దాన్ని పట్టి లాగేస్తాయి. పెరుగన్నంతో భోజనం ముగించేవాళ్లకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు అవమానం వినండి. ఈ మంట పక్షులకి తెలీదు. వాటికీ ఆ తలుపు ఉంది గానీ క్యాప్సైసిన్ తోస్తే తెరుచుకోదు. పంజరంలో చిలక పండుమిర్చిని కాళ్లతో పట్టుకుని అంత తీరిగ్గా ఎలా తింటుందా అని చిన్నప్పుడు ఆశ్చర్యపోయినవాళ్లందరికీ జవాబు ఇదే. అమెరికాలో ఆరిజోనా అడవి మిరప మీద చేసిన పరిశోధన ఒకటి 2001లో వచ్చింది. ఎలుకల జాతి జంతువులు కాయ తింటే గింజ పాడైపోతుంది, పిట్ట తింటే గింజ చెక్కుచెదరకుండా బయటపడి మొలకెత్తుతుంది. కాబట్టి మొక్క తరఫున చూస్తే లెక్క తేలికే, పిట్టకి స్వాగతం, పళ్లతో నమిలేవాడికి మంట. మనం ఆ రెండో బ్యాచి. ఎలుకల పక్షాన నిలబడి తిట్లు తినాల్సినవాళ్లం. పోనీ నమిలి ఊరుకున్నామా, రోట్లో దంచాం, మిల్లులో పట్టించాం, ఒక్క గింజ కూడా మొలకెత్తే వీలు లేకుండా పిండి చేసి నెయ్యేసుకుని అన్నంలో కలుపుకున్నాం. పో అంటే పోకపోగా కౌలుకి పొలం తీసుకుని మరీ పెంచుతున్న జీవి ప్రపంచంలో మనిషొక్కడే.

పాల్ రోజిన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తకి ఇదే అనుమానం వచ్చి, మెక్సికోలో రోజూ కారం తినే ఒక పల్లెలో కుక్కల్ని, పందుల్ని పరీక్షించాడు. అవి పుట్టినప్పటి నుంచీ ఆ ఇళ్ల కారపు ఎంగిలి తిని బతికినవే. కారం ఉన్న ముక్క ఒకటి, కారం లేనిది ఒకటి ముందు పెడితే అవి చప్పటి దాని వైపే వెళ్లాయి. హాని లేదని తెలిసి నొప్పిని ఎంజాయ్ చేయడం మనిషికి మాత్రమే ఉన్న రోగమని ఆయన తేల్చాడు. విస్తరి ముందు కూర్చుని, చెవుల్లోంచి పొగలొస్తుంటే, ముక్కు తుడుచుకుంటూ "ఇంకొంచెం గొడ్డుకారం వెయ్యి" అనే మన జనాన్ని ఆయన చూసి ఉంటే ఇంకో రెండు పేపర్లు రాసేవాడు.

తనిఖీ అంటూ మొదలెట్టాక మిరపకాయ దగ్గర ఆగితే పక్షపాతం అంటారు, కాబట్టి ముందుకెళ్లాను. టమాటా, బంగాళాదుంప, వేరుశనగ, జీడిమామిడి, జామ, బొప్పాయి, మొక్కజొన్న, అందరిదీ సముద్రం అవతలి అమెరికా ఖండాల అడ్రసే. సీతాఫలం కూడా. ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ, దొంగ సర్టిఫికెట్లలో అంతకు మించింది నేను చూడలేదు. గుమ్మానికి కట్టే బంతిపూల తోరణం? బంతి కూడా మెక్సికోదే, అక్కడ చనిపోయిన పెద్దల్ని తలుచుకునే పండక్కి సమాధుల మీద ఇవే పూలు పరుస్తారు. బతుకమ్మలో తంగేడు మనదేనని తెలిసి కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

పోనీ అమెరికా బాపతు వదిలేద్దామంటే ఆఫ్రికా లిస్టు బయటపడింది. చింతచెట్టు ఎప్పుడో, చాలా పాతకాలంలో అక్కణ్ణుంచి వచ్చింది. శ్రీనాథుడు తిట్టిన జొన్న, ఇప్పుడు సిరిధాన్యాల షాపుల్లో మన పూర్వీకుల తిండని బోర్డు పెట్టి అమ్మే సజ్జ, రాగి, అన్నీ ఆఫ్రికాలో సాగుకొచ్చినవే. ఆంధ్రమాత అని మనం దండం పెట్టుకునే గోంగూర పుట్టిల్లు కూడా అటువైపే అని చెప్పినప్పుడు మా బాబాయి కాసేపు మాట్లాడలేదు. టీవీ కూడా ఆపేశాడు.

మరి ఏం మిగిలింది? దక్కనులో బూడిద దిబ్బలు వదిలివెళ్లిన నాలుగైదు వేల ఏళ్ల కిందటి పశువుల కాపరులు ఏం పండించుకున్నారో, బళ్లారి దగ్గర సంగనకల్లు లాంటి చోట్ల దొరికిన మాడిన గింజల్ని బట్టి పురావస్తు శాస్త్రవేత్తలు చెప్పారు. ఉలవలు, పెసలు, అండు కొర్రలు. వరి కూడా ఉత్తరాది నుంచి మెల్లగా దిగిందే. నువ్వులు, వంకాయ, పసుపు, మిరియాలు ఉపఖండంవేనని వదిలేయొచ్చు. అంటే అసలు సిసలు తెలుగు భోజనం ఇదీ: అండు కొర్రల అన్నం, చింతపండు వెయ్యని, మిరపకాయ తగలని ఉలవచారు, పక్కన ముద్ద పెసరపప్పు. సంస్కృతి గురించి స్టేజీలెక్కి మాట్లాడే పెద్దలందరికీ వారం రోజులు ఇదే పెట్టాలని, వాళ్ల ఉపన్యాసాల నిడివి తగ్గుతుందేమో గమనించాలని నా రెండో సిఫార్సు.

ఈలోగా ఈ విదేశీయుడి మీదకి ఇంకో విదేశీయుడొచ్చాడు. 2021-22 సీజన్లో నల్ల తామర పురుగు, ఆగ్నేయాసియా నుంచి వచ్చిన రకం, రెండు రాష్ట్రాల్లోనూ మిరప పూతలో దూరి రసం పీల్చేసింది. పూలు రాలాయి, కాయ వంకర తిరిగింది, రైతులు చేను నిండా నీలం రంగు జిగురు అట్టలు వేలాడదీశారు, మందు మీద మందు కొట్టారు, చివరికి తోటలు పీకేసినవాళ్లూ ఉన్నారు. అప్పుడు మన ఆత్మగౌరవ కారం గురించి పద్యాలు చదివేవాళ్లు ఒక్కరూ కల్లం వైపు రాలేదు. 2025లో ధర పడిపోయి గుంటూరు యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, పేరుకుపోతే, కేంద్రం ఫిబ్రవరిలో రైతుని ఆదుకునే ధర క్వింటాకి 11,781 రూపాయలని లెక్క కట్టింది. చివరి ఆ ఒక్క రూపాయి మీద ఎన్ని మీటింగులు జరిగాయో నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది. యార్డు బయట ఘాటుకి తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని బేరం కోసం ఎదురుచూసే రైతుని మాత్రం నీ కాయ స్వదేశీయా, విదేశీయా అని ఎవరూ అడగరు. తాలు ఎంత, తేమ ఎంత, అంతే.

నా కమిటీ ఇంకా కూర్చోకముందే ప్రభుత్వం సగం పని కానిచ్చేసింది. గుంటూరు సన్నానికి భౌగోళిక గుర్తింపు ఇచ్చేసింది, 2025లో వరంగల్ చపాటా మిర్చికి కూడా వచ్చింది. అంటే మెక్సికో నుంచి వచ్చినవాళ్లకి గుంటూరులో ఒకరికి, వరంగల్‌లో ఒకరికి పర్మనెంట్ అడ్రసు. ఇప్పుడు ఎవరి మిర్చి ఎక్కువ లోకల్ అని రెండు రాష్ట్రాలూ కొట్టుకోవచ్చు, ఆ సదుపాయం కూడా ఏర్పడింది. మిగిలిన దరఖాస్తులు గోంగూరవి, చింతపండువి. స్వస్థలం అన్న గడిలో ఏం రాయాలో తేల్చడానికి సభ్యులు కావాలి. జీతం లేదు, మధ్యాహ్నం భోజనం ఉంటుంది, పైన చెప్పిన మెనూనే. ఆవకాయ ఎవరిది వాళ్లు తెచ్చుకోవచ్చు, కమిటీ కాసేపు అటు తిరిగి కూర్చుంటుంది.