గాజు బీరువా బీగం గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన బీగం గారికి,

నమస్కారాలు. శనివారం మధ్యాహ్నం మన ఊరి లైబ్రరీలో, పుస్తకాల బీరువాకు వేలాడే తమ సన్నిధికి వచ్చింది మేమే, నేనూ మా అత్తమ్మా. మీకు గుర్తుండకపోవచ్చు. మీ ముందు నిలబడి ఉత్త చేతులతో తిరిగిపోయే వాళ్ళు ఒకరా, ఇద్దరా!

మోకాళ్ళ నొప్పితో అన్ని మెట్లూ ఎక్కి వచ్చిన ఆమె, అద్దానికి ముక్కు ఆనించి, మూడో అరలో మన ఉమ్మడి చిత్తూరు జిల్లా కథల సంకలనం ఒకటి ఉందని కనిపెట్టింది. "అదే, అదే కావాలి" అంది. ఇక మీరు కాస్త పక్కకు తప్పుకోవడమే మిగిలింది.

"బీగంచెవి సారు కాడ ఉండాదమ్మా" అన్నాడు పేపర్లు సర్దుతున్న అబ్బాయి.

"సారెక్కడ?"

"సారుకు ఇంకో రెండు లైబ్రరీలు ఇన్‌ఛార్జి. ఈ పొద్దు ఆడికి పోయినారు."

"మరి ఎప్పుడు రమ్మంటావు?"

"ఫోన్ చేసుకోని రాండి."

ఎవరికి చేయాలో చెప్పలేదు.

తిరుమల కొండమీద సర్వదర్శనానికి పోతే టోకెన్ మీద టైమన్నా వేసిస్తారు. కంపార్ట్‌మెంట్లో గంటలు కూర్చోబెట్టినా, కడకు మహాలఘులో, దూరంనుంచైనా స్వామిని చూపించి, లడ్డూ చేతిలో పెట్టి పంపుతారు. మీ దగ్గర అద్దంలోంచి పుస్తకం వెన్ను చూడటమే పరమ దర్శనం. ప్రసాదం మాట ఎత్తకూడదు.

ఇంతకీ మీరు కాపలా కాస్తున్నది ఎవరి సొమ్ము? ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. ఇల్లున్నవాళ్ళు నేరుగా కడతారు, మాలాంటి అద్దెవాళ్ళు ఓనరు చేతిలో పెడతాం. ఆ పైసలతోనే ఆ పుస్తకం కొన్నారు, ఆ బీరువా కొన్నారు, చివరికి మిమ్మల్నీ కొన్నారు. ఇది ఇవాళ్టి పన్ను కూడా కాదు. 1948లో మద్రాసు గ్రంథాలయ చట్టం వచ్చినప్పుడు మన జిల్లా ఆ రాష్ట్రంలోదే. మా అత్తమ్మ అత్తగారు కూడా కట్టే ఉంటుంది, పాపం.

ఆ చట్టం కోసం ఏళ్ళ తరబడి పోరాడిన గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లోనే గ్రంథాలయానికి అయిదు సూత్రాలు రాశారు. మొదటిది, పుస్తకాలు ఉపయోగించడానికే. యూరప్‌లో ఒకప్పుడు పుస్తకాలను గొలుసులతో అరలకు కట్టేసేవాళ్ళని ఆయనే గుర్తుచేశారు. ఆ గొలుసులు మీకంటే ఎంత మర్యాదస్తులో చూడండి. గొలుసు అందినంత మేర పుస్తకం తెరిచి చదువుకోనిచ్చేవి! 1935లో అటు గుంటూరు జిల్లాలో పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య కాలవ మీద పుస్తకాలు పడవెక్కి మనుషుల దగ్గరికి పోయాయి. మీ ఏలుబడిలో పుస్తకం మూడో అర దిగదు.

ఒక్క విషయంలో మాత్రం మిమ్మల్ని మెచ్చుకోవాలి. చూపులేని వాళ్ళకు చదువుకోవడానికి వీలైన రూపంలో పుస్తకాలు అందాలని 2013లో మొరాకో దేశంలోని మరాకేష్‌లో ఒప్పందం కుదిరింది. 2014లో అన్ని దేశాలకంటే ముందు దాన్ని ఆమోదించింది మనమే. దాన్ని అక్షరాలా అమలు చేస్తున్నది మీరు. చూపున్నా, లేకున్నా మీ ముందు అందరూ సమానమే. ఎవరికీ పుస్తకం అందదు.

మీ బంధువర్గం కూడా తక్కువది కాదు. సభ్యత్వ ఫారం గెజిటెడ్ ఆఫీసరు సంతకం అడుగుతుంది. మా వీధిలో పూలమ్మే ఆమెకు తెలిసిన గెజిటెడ్ ఆఫీసరు ఎవరో ఆ ఫారమే చెప్పాలి. 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది గానీ, మీ మెట్ల పక్కకి ర్యాంపు రాలేదు. ఆడవాళ్ళ బాత్రూమ్‌కి మీ తమ్ముడే కాపలా. రీడింగ్ రూమ్‌లో గ్రూప్స్‌కీ కానిస్టేబుల్ పరీక్షకీ చదివే పిల్లలు కిక్కిరిసి ఉన్నారు, ఎవరి పుస్తకాలు వాళ్ళే తెచ్చుకుని. వాళ్ళ మీద నాకు కోపం లేదు, గదికి ముగ్గురున్న హాస్టల్లో ఎంతని చదువుతారు? కానీ లైబ్రరీ నిండా చదివేవాళ్ళే, ఒక్కరి చేతిలోనూ లైబ్రరీ పుస్తకం లేదు.

సారుని తిట్టుకుందామంటే మనసొప్పడం లేదు. మూడు చోట్ల తలుపులు తీయాల్సిన మనిషి. పుస్తకం పోతే ఎక్కడ తన జీతంలోంచి కట్టాల్సి వస్తుందో అని ఆయన భయం. తనిఖీకి వచ్చేవాళ్ళు రిజిస్టర్లో ఉన్న పుస్తకాలన్నీ బీరువాలో ఉన్నాయా అని చూస్తారు. నలిగిపోయేదాకా ఎంతమంది చదివారని అడిగితే కదా, ఆయన మిమ్మల్ని తీసి పారేసేది! ఎవరూ ముట్టని పుస్తకానికి నూటికి నూరు మార్కులు. చదివి చదివి అట్ట ఊడిన పుస్తకానికి సంజాయిషీ. ఇలా లెక్కపెడితే ఎవడైనా బీగమే వేస్తాడు.

అందుకని మీకు మర్యాదలు ఇక చాలు. నిరుటి ఆయుధపూజ కుంకుమబొట్టు నీ నెత్తిన ఇంకా ఉంది. అంటే అప్పటినుంచీ నిన్ను తాకిన చెయ్యి లేదు. నెలకోసారి తెరిచినా ఆ బొట్టు చెరిగిపోయేది. సిగ్గు లేదూ? ఊళ్ళో యూనివర్సిటీలు ఇన్ని పెట్టుకుని, ఒక ముసలావిడకు కథల పుస్తకం ఇవ్వలేని ఊరని మమ్మల్ని అనిపించావు కదా!

సమాచార హక్కు కింద దరఖాస్తు రాశాను. ఈ బీరువా చివరిసారి తెరిచిన తేదీ ఏది, బీగంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, ఆయన రాని రోజు ఎవరి దగ్గర ఉంటుంది. పది రూపాయల ఫీజు, జవాబుకి ముప్పై రోజులు. ఆ సంకలనం దొరికితే బయటే కొనిస్తాలే అన్నాను అత్తమ్మతో.

"డబ్బు ముందే కట్టేసినాం కదా, మళ్ళీ ఎందుకు కొనేది? నువ్వు ఆ కాగితం ఇచ్చేసి రా" అంది.

ఇట్లు,
రూపాయికి 8 పైసల వాటాదారు,
తిరుపతి